మండపమా? కల్వర్టా?

మా టాల్కట్‌లో ఊరి డబ్బు ఖర్చు పెట్టాలంటే ఊరంతా ఒకచోట కూర్చుని చేతులెత్తాలి. మార్చి మొదటి మంగళవారం, బడి ఆటల హాల్లో, మడత కుర్చీల మీద. ఆ సభకు చాలా ఏళ్ళుగా నేనే అధ్యక్షుణ్ణి. ఎవరేం చెప్పినా నాతోనే చెప్పాలి. ఒకరి మొహం ఒకరు చూసి మాట్లాడితే నా సుత్తి బల్ల మీద పడుతుంది. ఆ కట్టడి లేకపోతే మావాళ్ళు మధ్యాహ్నానికే కొట్టుకుంటారు.

ఆ ఏడాది కోరా థిబో లేచింది. మిల్లు వీధి పిల్ల. బళ్ళో సంగీతం చెబుతుంది.

“అధ్యక్షా! మా వీధి బ్యాండు మండపం కప్పు కూలబోతోంది. వేసవి లోపల బాగుచెయ్యకపోతే పడగొట్టేస్తారట. మిల్లు పోయింది. మిల్లు పక్క కొట్లూ పోయాయి. మాకు మిగిలింది అదొక్కటే. నలభై వేల డాలర్లు ఇప్పించండి.”

ఆ కప్పు ఇరవై ఏళ్ళుగా కారుతోంది. ఇప్పుడు ముక్కులు చీదుతున్న వాళ్ళలో ఒక్కడూ దాని మీద ఒక్క మేకు కొట్టలేదు. ఆ మాట నేను అనలేదు. అధ్యక్షుడు తన అభిప్రాయం చెప్పకూడదు.

వెనక వరసలో ఓరిన్ పెల్ లేచాడు. ఊరి రోడ్లు చూసే మనిషి. ఇల్లు కొండ మీద.

“అధ్యక్షా, ఆవిణ్ణి ఒక్క మాట అడగండి. మా కొండ రోడ్డు కల్వర్టు పోయిన వరదలో కొట్టుకుపోయింది. వేసిన మట్టి మళ్ళీ వానొస్తే నిలవదు. అంబులెన్సు పైకి రాలేదు. బాకా ఊదితే గుండెనొప్పి తగ్గుతుందేమో అడగండి.”

“అది బాకా కాదు, కార్నెట్ అని ఆయనకి చెప్పండి అధ్యక్షా.”

“వినేవాడికి రెండూ ఒకటేనని చెప్పండి.”

“రోజంతా రోడ్డు చదునుచేసే గ్రేడరు మీద కూర్చున్న చెవులకి అంతేనని చెప్పండి.”

హాలంతా నవ్వింది. నేను సుత్తి కొట్టాను.

“నేను మీ ఇద్దరి మధ్య పోస్ట్‌మ్యాన్‌ని కాదు. కూర్చోండి.”

మా ఊళ్ళో ఎవరు ఎక్కువ అరిస్తే పని వాళ్ళ నెత్తినే పడుతుంది. అది పాత ఆచారం. మండపం పద్దు, కల్వర్టు పద్దు రెండూ మే నెల సభకు వాయిదా పడ్డాయి. రెంటినీ చూసి వచ్చి చెప్పడానికి నేను కమిటీ వేశాను. కమిటీలో ఇద్దరే. కోరా, ఓరిన్.

“ఆయనతోనా?” అంది కోరా.

“ఆవిడతోనా?” అన్నాడు ఓరిన్.

“మొదటిసారి ఒకే మాట అన్నారు. మంచిదే,” అన్నాను.

మండపం మా ఇంటికి ఎదురుగానే ఉంటుంది. నా భార్య వరండాలో కూర్చుని బ్యాండు వినేది. ఆమె పోయాక ఆ కుర్చీ లోపల పెట్టేశాను. చూడకూడదనుకున్నా మండపం కనిపిస్తూనే ఉంటుంది. మాటలూ వినిపిస్తాయి.

ఏప్రిల్‌లో ఒకరోజు ఓరిన్ మోకాళ్ళ మీద కూర్చుని స్తంభం అడుగున జేబు కత్తి దించాడు. పిడి దాకా దిగింది.

“దాన్నెందుకు పొడుస్తున్నావు?” అంది కోరా.

“చివికిందో లేదో చూడాలిగా. కమిటీ పని.”

“కమిటీలో సగం నేను. నేను పొడవమనలేదు.”

అప్పుడే వాన అందుకుంది. కప్పు నలుమూలలా కారింది. మధ్యలో ఒక్క చోట మాత్రం తడవలేదు. ఇద్దరూ అక్కడికే వచ్చారు. అది ఒక మనిషికి సరిపోయే చోటు.

“కాస్త జరుగు,” అంది కోరా.

“జరిగితే తడుస్తాను.”

“తడిసి చూడు. కప్పు ఎందుకు కావాలో తెలుస్తుంది.”

అతను నిజంగానే జరిగాడు. ధార సరిగ్గా నెత్తిన పడింది. కదల్లేదు.

“తెలిసిందా?”

“తెలుస్తోంది. మెడలోంచి వీపులోకి పోతోంది.”

ఆమె నవ్వింది. చొక్కా చెయ్యి పట్టుకుని లోపలికి లాగింది. వాన తగ్గాక కూడా ఆ ఒక్కచోటే నిలబడి ఉన్నారు. నేను లోపలికి వెళ్ళిపోయాను.

తరువాతి వారం కోరా ఒక్కతే కల్వర్టు చూడ్డానికి కొండెక్కింది. మంచు కరిగే నెలలో మా కొండ రోడ్డు రోడ్డు కాదు. కారు ఇరుసు దాకా బురదలో కూరుకుపోయింది. ఓరిన్ ట్రాక్టరుతో వచ్చాడు.

“వస్తానని చెప్పకూడదూ?”

“చెబితే నువ్వు ముందే చదును చేసి ఉంచేవాడివి. ఉన్నదున్నట్టు చూద్దామని వచ్చాను.”

“మరి చూశావా?”

“బూటు ఒకటి ఇంకా బురద అడుగున ఉండి చూస్తోంది.”

ఓరిన్ వాళ్ళమ్మ కోరా కాళ్ళు కడిగించి, కొట్టం నీడలో మిగిలిన మంచు మీద వేడి మేపుల్ చెట్టు పాకం పోసి, మిఠాయిలా గట్టిపడ్డాక పెట్టింది. మర్నాటికి సంగతి ఊరంతా తెలిసింది. మా దగ్గర ఎవరి ట్రాక్టరు ఎవరి కారును లాగిందో దాగదు. ఆ తర్వాత ఓరిన్ వారానికి రెండుసార్లు కోరా వాళ్ళింట్లో భోంచేశాడు. కమిటీ పని అన్నారు.

మే నెల సభ వచ్చింది. అచ్చయిన పద్దుల వరసలో మండపం ముందు, కల్వర్టు వెనక. చేతులెత్తిస్తే లెక్క తేలలేదు. అలాంటప్పుడు మేం సభను రెండుగా చీలుస్తాం. ఒప్పుకునేవాళ్ళు కిటికీల వైపు, ఒప్పుకోనివాళ్ళు తలుపుల వైపు లేచి వెళ్ళి నిలబడాలి. ఎవరెటో అందరికీ కనబడుతుంది.

కోరా కిటికీల వైపు వెళ్ళింది. ఆమె బాబాయి రేమండ్, బ్యాండులో పెద్ద డ్రమ్ము వాయించే ముసలాయన, గట్టిగా పిలిచాడు.

“రావయ్యా ఓరిన్! మా పిల్ల పక్కన చోటుంచాం!”

ఓరిన్ హాలు మధ్యలో ఆగాడు. కోరా వైపు చూశాడు. తలుపుల వైపు నడిచాడు.

మండపం ఆరు ఓట్లతో ఓడిపోయింది.

“ఇంక మా ఇంటికి రావద్దు,” అంది కోరా, సూటిగా అతనితోనే.

సుత్తి కొట్టాను. “అధ్యక్షుడితో చెప్పాలి.”

“రావద్దని చెప్పండి అధ్యక్షా.”

“విన్నాడు,” అన్నాను.

కల్వర్టు పద్దు వచ్చింది. ఓరిన్ లేచి, గొట్టాలు మాత్రం కొనిస్తే చాలని, తవ్వకం తన మనుషులే చేస్తారని, అడిగిన డబ్బులో సగం తగ్గించమని చెప్పాడు. చేతులెత్తమన్నాను. మిల్లు వీధి వాళ్ళందరూ కోరాను చూశారు. ఆమె చెయ్యెత్తింది.

“వాడికా?” అన్నాడు రేమండ్.

“కల్వర్టుకి బాబాయ్. నా కళ్ళతో చూశాను. లేదని ఎలా అంటాను?”

కల్వర్టు నెగ్గింది. ఓరిన్ ఇంకా కూర్చోలేదు.

“అధ్యక్షా, మండపం పద్దు మళ్ళీ తెరవాలి.”

“ఓడింది కదా! ఇంకేం తెరుస్తాడు?” అని అరిచాడు రేమండ్.

“ఓడినవాళ్ళు తెరవలేరు,” అన్నాను. “గెలిచిన వైపు నిలబడ్డవాడు తెరవొచ్చు. ఇతను గెలిచిన వైపే నిలబడ్డాడు. చెప్పు ఓరిన్.”

“కల్వర్టు ఖాయం కాకముందు మా కొండవాళ్ళు ఇంకో పనికి ఒక్క డాలరు వదలరు. నేనూ వదలను. ఇప్పుడది ఖాయమైంది. డబ్బూ మిగిలింది. ఆ మండపం నిలబడాలి అధ్యక్షా. నాకు తెలిసినంతలో ఆ వీధిలో జనం పని లేకపోయినా వచ్చి కూర్చునే చోటు అదే.”

సభ ఒప్పుకుంది. మళ్ళీ చీలింది. ఓరిన్ హాలు దాటి కిటికీల వైపు నడిచాడు. వెనకే వాళ్ళమ్మ. ఆమె వెనక ఒకరొకరుగా కొండవాళ్ళు. అందరూ రాలేదు. చాలామంది వచ్చారు.

కోరా అతని వైపు తిరగలేదు.

“ముందే చెప్పొచ్చుగా?”

“నీకు చెబితే మీ బాబాయికి తెలుస్తుంది. ఆయనకి తెలిస్తే ఊరికి తెలుస్తుంది. అప్పుడది బేరం అయిపోతుంది. మావాళ్ళు నన్ను నమ్మరు.”

“కల్వర్టు ఓడిపోయుంటే?”

“ఆ తలుపు దగ్గరే ఉండేవాణ్ణి.”

“నాకోసం కూడా వచ్చేవాడివి కాదా?”

“కాదు.”

“ఈ ఒక్క రోజుకి ఒక అబద్ధం ఆడలేవూ?”

“ఎవరితోనైనా ఆడగలను. నీతో ఆడాలని లేదు. నీతో చాలా ఏళ్ళు ఉండాలని ఉంది.”

ఆమె అప్పుడు తిరిగింది. చెయ్యి పట్టుకుంది. లెక్కపెట్టే ముసలావిడ మిసెస్ ఏమ్స్ వేలు చూపిస్తూ వచ్చి ఆగిపోయింది.

“కాస్త ఎడంగా నిలబడండి. లెక్క తప్పుతోంది.”

“జరగం. ఇద్దరని లెక్కపెట్టుకోండి,” అంది కోరా.

మండపం నెగ్గింది. జనం ఇంకా అరుస్తుండగానే రేమండ్ ఓరిన్ ముందుకొచ్చి పైనుంచి కిందదాకా చూశాడు.

“డ్రమ్ము వాయించడం వచ్చా?”

“రాదు.”

“నేర్చుకో. నా చేతులు వణుకుతున్నాయి. అది మా అయ్య డ్రమ్ము. మా ఇంటివాళ్ళకి తప్ప ఇవ్వను.”

“బాబాయ్!” కోరా మొహం చెవుల దాకా ఎర్రబడింది.

“ఎప్పుడు మొదలుపెట్టమంటారు?” అన్నాడు ఓరిన్.

ఇంకో పద్దు మిగిలి ఉంది. కుక్కల లైసెన్సులది. ఎవరూ వినడం లేదు. అయినా చదివాను.