వ్యాన్‌లో కీచుమన్నది

పట్టిసీమ రేవుకెళ్లే దారిలో, గట్టు కింద ఒక డాబా ఇంటి పక్కన తెల్లటి వ్యానొకటి ఆగి ఉంటుందండి. మామూలు వ్యాను కాదు, కారవాన్! లోపలే మంచం, లోపలే పొయ్యి. చీకటి పడ్డాక అటు వెళ్లేవాళ్లు హారన్ కూడా కొట్టరు. ఎందుకంటే... లోపల్నుంచి ఏదో పిలుస్తుంది.

"కీచ్..."

అంతే. పోయిందిలే అనుకుని నాలుగడుగులు వేస్తారా — మళ్లీ "కీచ్..."

ఆ వ్యాను మురళీకృష్ణగారిది. రిటైరయ్యాక ముచ్చటపడి కట్టించుకుని, భార్య పాపాయిగారితో ఊళ్లన్నీ తిరిగారు. నిరుడు వానల్లో గుండెపోటొచ్చి పోయారు పాపం. తర్వాత కొన్నాళ్లకి మొదలైంది ఈ కూత. ఆయనే పిలుస్తున్నారన్నారు జనం. ఒక భూతవైద్యుడొచ్చి లోపల సాంబ్రాణి పొగేశాడు. వ్యాను గొల్లుమని అరిచిందండోయ్! పరుగులో ఆ వైద్యుడు వదిలేసిన చెప్పులింకా గట్టు మీదే ఉన్నాయి.

ఇదంతా చెప్పింది మా బావమరిది చంద్రరావు. కొవ్వూరులో మైకుసెట్టు షాపు వాడిది. చప్పుళ్ల సంగతి తెలిసినవాడని పాపాయిగారి తమ్ముడు రమేష్ బాబు వాడికి ఫోన్ చేశాడట.

"మా అక్క రాత్రిళ్లు ఆ వ్యాన్లోనే కూర్చుంటోందండి. తిండి లేదు, నిద్ర లేదు. ఇలాగైతే మనిషి దక్కదు. ఆ కూతేంటో కాస్త చూడండి."

చంద్రరావు వెళ్లాడు. గోదావరి గాలి, చేతిలో టార్చి... తలుపు తీశాడు. చీకట్లో తెల్లచీరతో ఒక ఆకారం —

"ష్..." అంది. పాపాయిగారే.

"కీచ్..."

వాడు టార్చి పైకెత్తాడు. వ్యాను కప్పుకి గుండ్రటి డబ్బా. నవ్వొచ్చేసింది వాడికి.

"అక్కా, ఇది పొగొస్తే అరిచే అలారం! బ్యాటరీ అయిపోవస్తే ఇలా కీచుమంటుంది. మా కార్డ్‌లెస్ మైకులో వేసే బ్యాటరీయే దీనికీ. కొత్తది జేబులో ఉంది, ఉండు."

"తెలుసు తమ్ముడూ..." గుసగుసగా అందావిడ. "ఏటా దసరాకి బండిపూజ ముందు ఆయనే మార్చేవారు. ఇది కీచుమంటుంటే, 'వస్తున్నానే తల్లీ, వస్తున్నా' అనేవారు దాంతో. 'పాపాయీ, స్టూలు కదలనివ్వకే' అనేవారు నాతో."

చంద్రరావు స్టూలెక్కాడు. అలవాటుగా ఆవిడ వచ్చి స్టూలు పట్టుకుంది.

"కీచ్..." సన్నగా.

"మొన్నటికన్నా నీరసంగా లేదూ? ... తమ్ముడూ, కొత్తది వద్దు. అది వేస్తే ఇక పిలవదు. మీ షాపులో వాడేసినవి ఉంటాయి కదా... ఒకటివ్వవూ?"

వాడు కొత్తది మళ్లీ జేబులో వేసుకున్నాడు. స్టూలు దిగాడు.

"ఇస్తానక్కా. కానీ నువ్వు ఇంట్లోకి రావాలి. అన్నం తినాలి. కిటికీ తెరిచి పెట్టుకుంటే అక్కడికీ వినిపిస్తుందిగా."

మైకువాళ్లు ఒక పెళ్లిలో వాడిన బ్యాటరీని ఇంకో పెళ్లిలో వెయ్యరండి, మంత్రాల మధ్యలో ఆగిపోతుందని. ఇదివరకు అవతల పారేసేవాడు మావాడు. ఇప్పుడు బాగా నీరసించినవి ఏరి ఓ డబ్బాలో దాస్తున్నాడు.

పాపాయిగారు ఇంట్లోనే పడుకుంటున్నారు. కిటికీ మాత్రం వానొచ్చినా ముయ్యరు. ఆ దారిన వెళ్తుంటే కీచుమని వినిపిస్తే పరుగెత్తకండి... ఒక్క క్షణం ఆగండి. కిటికీలోంచి నెమ్మదిగా ఒక జవాబు వినబడుతుంది —

"వస్తున్నానండీ... వస్తున్నా."