తెర వెనక పన్నెండు నిమిషాలు

నిఘా విభాగం ఏజెంట్ శివకుమార్ శవం మదనపల్లె మండీలో కుళ్లిన టమోటాల గుట్ట కింద దొరికింది. ఈగలను తోలే ఓపిక కూడా అక్కడ ఎవరికీ లేదు.

చావుకు ముందు అతను పంపిన ఫైలును చీఫ్ ముద్దుకృష్ణ ఏజెంట్ మునిచంద్ర ముందు తెరిచాడు.

"పుంగనూరు పక్కన ఒక పంప్‌హౌస్. ఆడుండే కంట్రోల్ కంప్యూటర్ మదర్‌బోర్డు చిప్‌లో విదేశీ ముఠా ఈ డ్రైవర్ ప్రోగ్రామ్‌ను దాచింది. విండోస్ కన్నా ముందే లేచి కాచుకోనుంటాది. విండోస్ లేస్తానే గేట్లు మూసి పంపులు తిప్పుతాది. పైపు పగిలితే కింద అరవై ఇండ్లు ఉండవప్పా."

"ఎప్పుడు?"

"ఆ కంప్యూటర్‌ను ఆపేది ఏడాదికి ఒకసారే, ఆయుధపూజకు. రేపు పదిన్నరకు మళ్లీ ఆన్ చేస్తారు."

"పూజ ఆపేద్దాం."

"ముఠా నాయకుడు కుప్పంలో యాడో కూర్చుని కెమెరాలో సూస్తాంటాడు. ఆపితే పారిపోతాడు. ఇంజినీర్ ఆదినారాయణ వాడి మనిషే. శివకుమార్‌ను పట్టిచ్చిందీ, బయటి ప్రోగ్రాములను ఆపే సెక్యూర్ బూట్ తాళం తీసేసిందీ వాడే."

దొంగ తీసిన తలుపు తనకూ తెరిచే ఉంటుంది. మునిచంద్ర ఆ రోజంతా కూర్చుని విండోస్ కన్నా ముందు నడిచే సొంత యూఈఎఫ్ఐ బూట్‌లోడర్ రాశాడు. అది పెన్‌డ్రైవ్ నుంచి లేవాలి, ముఠా డ్రైవర్‌ను గుర్తింపు సంఖ్యతో పట్టి మెమరీలోంచి దింపాలి, ఆ తర్వాతే విండోస్‌ను లేపాలి. ఆ సంఖ్యను ముఠాలో ఉన్న తమ గూఢచారిణి వర్షిత తెచ్చింది. పట్టుచీర, గది నిండా సెంటు.

"నన్ను నమ్మవా?" అంది.

మునిచంద్ర కిటికీ తెరిచాడు.

మరునాడు పంచె, పిలకతో పూజారిగా దిగాడు. పూలబుట్ట అడుగున లాప్‌టాప్. పంప్‌హౌస్ ఊడ్చే రంగనాయకమ్మ అతన్ని ఎగాదిగా చూసింది.

"ఏం సామీ, జంధ్యం కుడి భుజాన ఏసినావు? ఎవురన్నా పోయినారా?"

"పోయినారమ్మా," అని ఎడమ భుజానికి మార్చుకున్నాడు.

"మా ఇల్లు ఆ పైపు కిందనే. దానికీ ఒక బొట్టు పెట్టు సామీ."

పది గంటల పద్దెనిమిదికి కంప్యూటర్ చుట్టూ తెర కట్టించాడు. కెమెరాకూ అడ్డం పడింది. పెన్‌డ్రైవ్ పెట్టి పవర్ నొక్కాడు. 'నాట్ ఫౌండ్', ఆ సంఖ్యతో డ్రైవరే లేదని చూపి లోడర్ ఆగిపోయింది.

వర్షిత తప్పు సంఖ్య ఇచ్చింది.

చిప్‌లోని డ్రైవర్ల జాబితా తెరిచాడు. నూట నలభై. వాటిలో ఒక్కటి శివకుమార్ ఫైలంతే సైజు ఉంది. దాని అసలు సంఖ్యను లాప్‌టాప్‌లోని కోడ్‌లో కొట్టి, లోడర్‌ను కొత్తగా తయారుచేసే బిల్డ్ పెట్టాడు.

"సామీ, పదిన్నరైంది." ఆదినారాయణ చెయ్యి తెర అంచు పట్టుకుంది.

"దుర్ముహూర్తం నడుస్తోంది. ఇప్పుడు తెర తీసినవాడి వంశం నిలవదు."

చెయ్యి చటుక్కున వెనక్కి పోయింది. అరవై ఇళ్లను ముంచడానికి వణకని చెయ్యి అది.

"ఎంతసేపు సామీ?"

"పన్నెండు నిమిషాలు."

ఆదినారాయణ జేబులో ఫోన్ మోగింది. ఎత్తలేదు. మళ్లీ మోగింది. మళ్లీ.

"ఎత్తప్పా, పెండ్లాం ఏమో!" అంది రంగనాయకమ్మ.

"దుర్ముహూర్తంలో మాట్లాడకూడదు," అన్నాడు వాడు, చెమట తుడుచుకుంటూ.

పది నలభై ఒకటికి బిల్డ్ ముగిసింది. కంప్యూటర్ ఆపేసి, కొత్త లోడర్‌ను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, కంప్యూటర్ వెనక గుచ్చి, పైన గంధం మెత్తి, తెర లాగేశాడు.

ఆదినారాయణే పవర్ నొక్కాడు. నల్లటి స్క్రీన్ మీద ఒక తెల్లగీత మెరిసి పోయింది. డ్రైవర్ దిగిపోయింది. విండోస్ లేచింది. గేట్లు తెరుచుకున్నాయి, పంపులు గుర్రుమన్నాయి. పైపు చెక్కుచెదరలేదు.

మునిచంద్ర ఫోన్‌లో చీఫ్ మెసేజ్: "ఆదినారాయణకు వచ్చిన ఆ మూడు కాల్స్‌తో కుప్పం లాడ్జి దొరికింది. నాయకుడు, వర్షిత ఒకే గదిలో. రెండు పక్కలా పని చేశానని ఒప్పుకుంది."

ఏం తప్పిందో అర్థంకాని ఆదినారాయణ పాలిపోయిన ముఖంతో వచ్చి కాళ్ల మీద పడ్డాడు.

"సామీ, బెంగళూరులో ఫ్లాట్ ఒకటి వస్తాండాది. గృహప్రవేశానికి మంచిరోజు సూడండి."

వీడు శివకుమార్‌నూ అరవై ఇళ్లనూ అమ్మింది ఒక ఫ్లాట్ కోసం. మునిచంద్ర కాళ్లు వెనక్కి తీసుకున్నాడు. పూలబుట్టలోంచి బేడీలు తీశాడు.

"ఈ రోజే బాగుంది," అన్నాడు. "ఇల్లు మాత్రం కడప జైల్లో."