రుచి చూడని చెంచా

“నలభై ఫిర్యాదులు. పదకొండు మంది సెలైన్ మీదున్నరు. ల్యాబుకొచ్చిన మూడు కూర శాంపిళ్లు మాత్రం క్లీన్,” అన్నాడు మొహియుద్దీన్, గజేందర్‌తో. ఆహార తనిఖీ రహస్య విభాగానికి చీఫ్ అతనే. “అల్ రయ్యాన్ ఏరియాల కూలీల క్యాంపులకు కూడు పంపే ఒక కిచెన్. గడువు తీరిన చికెన్ విదేశీ ముఠా దింపుతున్నదని అనుమానం. లోపల మన ఏజెంట్ ఇరం క్వాలిటీ మేనేజర్. ‘ఉప్పు తక్కువైంది’ అని కోడ్ చెప్పు, కూర వ్యాన్లు ఆపుతది. యల్లా మియా, బయల్దేరు!”

శుక్రవారం పొద్దున్నే ఏజెంట్ గజేందర్ గిన్నెలు తోమేవాడి వేషంలో చేరాడు. ఆప్రాన్ గుండీలో కెమెరా, వాచీలో ట్రాన్స్‌మిటర్. ఇన్ని హంగులిచ్చిన డిపార్ట్‌మెంట్ ముక్కుకు మాత్రం ఏమీ ఇవ్వలేదు.

కోల్డ్ రూమ్ తలుపు తీయగానే కుళ్లు వాసన గుప్పుమంది. జిగురు పట్టి పచ్చబారిన కోడి ముక్కలు. ఒకడు పాత లేబుళ్లు గీకుతున్నాడు, ఇంకొకడు కొత్త తేదీలు అంటిస్తున్నాడు. వెనిగర్‌లో ముంచి, మసాలా దట్టించి కంపును కప్పేస్తున్నారు. ఛీ! కుక్క కూడా ముట్టని దాన్ని పన్నెండు వందల మంది కూలీలకు పెడతారా? వాళ్లలో తన తమ్ముడు నగేష్ కూడా ఉన్నాడు.

పదకొండున్నరకు వ్యాన్లు స్టార్టయ్యాయి.

“మేడం, ఉప్పు తక్కువైంది.”

ఇరం అందంగా నవ్వింది. తాగిన టీ కప్పూ, కూర రుచి చూసే చెంచా అతని సింకులో పడేసింది. “నేను చూసుకుంట. నువ్వు తోముకో.”

కప్పు అంచున ఎర్రటి లిప్‌స్టిక్ మరక. చెంచాకు కూర అంటి ఉంది గానీ లిప్‌స్టిక్ జాడయినా లేదు. ప్రతి బ్యాచూ రుచి చూశానని రోజూ సంతకం పెట్టేది ఈవిడే! శాంపిళ్లు ఎవరు మార్చారో గజేందర్‌కు అర్థమైపోయింది. బయట వ్యాన్ల దగ్గర ఆమె గొంతు వినిపించింది: “యల్లా, జల్దీ!”

అతను వాచీ నొక్కాడు. మొదటి వ్యాన్ ముందు చక్రం గేటు దాటుతుండగా మొహియుద్దీన్ తనిఖీ జీపు అడ్డంగా వచ్చి ఆగింది.

“రుచి చూసినంకనే సంతకం పెట్టిన,” అని ఇరం బుకాయించింది.

గజేందర్ చెంచా నిండా కూర ముంచి ఆమె నోటి ముందు పెట్టాడు. “అయితే ఇంకొక్కసారి తినుర్రి మేడం.”

ఆమె ముక్కు మూసుకుని వెనక్కి తగ్గింది. మొహియుద్దీన్ జేబులోంచి బేడీలు బయటికి తీశాడు.

సాయంత్రం కూలీలు చేరే ఏషియన్ టౌన్ బజారులో నగేష్ ముఖం మాడ్చుకుని కలిశాడు. అన్న ఏదో ఆఫీసులో చాయ్ అందిస్తాడనే అతని నమ్మకం.

“వారానికొక్క పూట చికెన్, అన్నా! ఇయ్యాల పెరుగు, ఖుబూస్ రొట్టె పడేసిండ్రు. ఆ కూర ఆపినోడు దొరకాలె, తంత!”

“తన్నాల్సిందే తమ్మీ,” అన్నాడు గజేందర్, రెండు అడుగులు దూరం జరిగి.