హేవన్ ఎడమ చెవి

కొరియాలో పెద్దల్ని తలుచుకునే చుసోక్ పండగ పొద్దున్నే వంటింట్లో పైన్ ఆకుల మీద బియ్యప్పిండి సొంగ్‌ప్యన్‌లు ఉడుకుతున్నాయి. ఆవిరి సుయ్‌మంటుంటే కొత్త కోడలు హేవన్ మురిసిపోయింది. ఆ చప్పుడు ఎడమ చెవికి వినబడుతోంది మరి!

లోపలి చెవిలో చిన్న చిల్లు పడి నీరు కారుతుంటే, చెవి వెనక నుంచి పొర తీసి అతికారు. ఆ అతుకు ఊడి మళ్లీ కారింది. రెండో ఆపరేషనై ఇంకా పది రోజులే. "తల వంచొద్దు, ముక్కు చీదొద్దు. ఈసారి ఊడితే వినికిడి దక్కడం కష్టం" అన్నాడు డాక్టరు.

హాల్లో చనిపోయిన పెద్దలకు నైవేద్యం బల్ల సర్దారు. బంధువులందరూ మొక్కారు. కొత్త కోడలి వంతు వచ్చింది.

"రా అమ్మాయ్, మోకాళ్ల మీద కూర్చుని మొక్కు," అంది అత్తగారు మల్సుక్.

"నిలబడి దణ్ణం పెడతానత్తయ్యా. తల వంచకూడదు కదా!"

"నిలబడా? బస్సు ఆపుతున్నావా?" అందరూ కిసుక్కుమన్నారు. "తల ఎక్కడా వంచొద్దన్నాడా, అత్తింట్లో మాత్రమే వంచొద్దన్నాడా?"

"కళ్లు తిరుగుతాయత్తయ్యా."

"పెళ్లిపీటల మీద తిరగని కళ్లు మా మామగారి ముందే తిరుగుతాయా!"

హేవన్ భర్త వైపు చూసింది. డాక్టరు మాటలు ఆమె పక్కన కూర్చుని విన్నవాడు గ్యుచల్. దగ్గరికొచ్చి గొణిగాడు: "ఒక్కసారికి ఏమవుతుంది? అందరూ చూస్తున్నారు. కానిచ్చెయ్."

ఆమె మోకాళ్లూని వంగింది. నుదురు నేలకి జానెడు దూరంలో ఆపింది.

"ఆనించు!" అంటూ మల్సుక్ మెడ మీద చెయ్యేసి నొక్కింది.

చెవిలో ఏదో టప్పుమంది. గది గిర్రున తిరిగింది. హేవన్ చాప మీదే వాంతి చేసుకుంది.

"అబ్బో, నాటకం!" అంది మల్సుక్. ఎవరూ నవ్వలేదు.

మూడో ఆపరేషన్‌లో చిల్లు మూసుకుంది. వినికిడి మాత్రం తిరిగి రాలేదు.

ఆ మాట డాక్టరు నోట విన్నాక మల్సుక్ మంచం పక్కన కూలబడి, కోడలి కుడి చెవి దగ్గర వెక్కివెక్కి ఏడ్చింది. "నా చేత్తో నొక్కానే తల్లీ, నా చేత్తోనే..."

హేవన్ ఆ చెయ్యే పట్టుకుంది. "మీకు తెలియక చేశారత్తయ్యా."

గుమ్మంలో ఉన్న గ్యుచల్‌కి ప్రాణం లేచొచ్చింది. గబగబా వచ్చి వంగాడు. "హేవన్, నేను కూడా..."

ఆమె మెల్లగా పక్కకి ఒత్తిగిలి, వినబడే చెవిని దిండుకి ఆనించుకుంది. అతని పెదవులు కదులుతూనే ఉన్నాయి.