బిగబట్టిన ఊపిరి

ఉరుకుందప్పా, నవ్వొద్దు. ఇందులో ఒక్క ముక్క అబద్ధమున్నా నాకు మిగిలిన మూడు పళ్ళూ ఇప్పుడే రాలిపోవాల.

ఆదోనిలో స్కానింగు డాక్టరమ్మ సుప్రీత లేదూ, ఆమె సంగతి ఇది. ఆ మధ్యాహ్నం ఎండకు గోడమీది బల్లులు కూడా చెప్పులడిగినాయి. దేవనకొండ నుంచి హులిగమ్మను కూతురు ఈశ్వరి పిల్చుకొచ్చింది. ఎనిమిది నెలలుగా కడుపునొప్పి. చూసిన డాక్టర్లంతా గ్యాసు అని మాత్రలిచ్చినారు. మనిషి పురికొసంత అయింది.

సుప్రీతకు చిన్నపేగులో గడ్డేమోనని అనుమానం. లక్షమందిలో ఒకరికి వస్తుందట, వచ్చినా పేగులోని గాలి దాన్ని దాచేస్తుంది. దొరికితే కర్నూలులో కోసి బతికిస్తారు. దొరక్కపోతే అంతే. ఈశ్వరిని బయట కూర్చోబెట్టి, కిటికీలు లేని ఆ గదిలో హులిగమ్మ కడుపు మీద చల్లటి జెల్లు పూసి మెల్లగా అదిమింది.

"గాలి పీల్చమ్మా. బిగబట్టు. నేను చెప్పేదాకా వదలొద్దు."

పేగులోని గాలి పక్కకు జరిగింది. తెర మీద... నల్లగా, నడిమధ్య తెల్లగా. మూత్రపిండం మాదిరి. మూత్రపిండం ఉండకూడని చోట. గడ్డే అది.

కరెంటు పోయింది.

రోట్లో వేసి దంచితే మసి రాలేంత చీకటి. సుప్రీత తడుముకుంటూ బయటికి పోయి, డీజిలు లేదన్న జనరేటరు మనిషి మాదన్నను తిట్టి, తెప్పించి, జనరేటరు వేయించి ముప్పావు గంటకు తిరిగొచ్చింది.

హులిగమ్మ కదల్లేదు. కళ్ళు తెరిచే ఉన్నాయి. కడుపు లేవదు... దిగదు... మళ్ళీ అదిమి చూస్తే తెర మీద బొమ్మ రాతిలో చెక్కినట్టు నిలిచింది. భూమి పుట్టినప్పటి నుంచి అంత స్పష్టమైన బొమ్మ ఎవరికీ దొరకలేదు. ఆ ఆత్రంలో సుప్రీత పన్నెండు ఫొటోలు తీసింది. జెల్లు తుడుస్తుంటే చేతికి తగిలింది. కడుపు జెల్లుకంటే చల్లగా ఉంది...

లేమ్మా అంటే లేచింది. పొమ్మంటే పోయింది.

కర్నూలులో గడ్డ తీసేసినారు, సరిగ్గా ఆ చోటే. మత్తులో మిషనే కదా ఊపిరాడించేది, ఎవరూ ఏమీ గమనించలేదు.

నెల తర్వాత ఎమ్మిగనూరులో, తన ఇంట్లో అన్నం తింటాంటే సుప్రీతకు తట్టింది. 'వదులు' అని తాను చెప్పనే లేదు.

ఫోను చేస్తే ఈశ్వరి గుసగుసగా మాట్లాడింది.

"బాగుంది మేడమ్. తింటాది, నడుస్తాది. మాట్లాడదు. ముక్కు కాడ దూది పెట్టినా ఆ దూది కదల్దు... ఎవరొచ్చినా వాళ్ళ నోటి దిక్కే చూస్తాంటాది, ఏదో చెప్తారని. ఫోను ఇయ్యమంటారా?"

సుప్రీత పెట్టేసింది. ఆ మాట చెబితే ఆమెకు ఊపిరి వస్తుందో, ఉన్న ప్రాణం పోతుందో... ఈ రోజుకూ చెప్పలేదు.

రేపు నువ్వు టమాటాలకు దేవనకొండ పోతాండావు కదప్పా. వాళ్ళింటి ముందు బండి ఆపు, ఇంజను మాత్రం ఆపొద్దు. వాకిట్లో నుంచే ఆ ఒక్క మాట చెప్పేసి రా. వచ్చేటప్పుడు నాకు రెండు కిలోలు బాగా పండినవి తే.

చెప్పినాక మాత్రం ఎదురుగా నిలబడొద్దు. ఆరు నెలల ఊపిరప్పా అది.