అరగని బేరింగు

...అరిగిందని చెబితే చాలు, ఎంత అరిగిందో చెప్పకూడదు. కొలత చెబితే ఆమె కొలిచి చూస్తుంది. అయినా అబద్ధం చెప్పే మనిషి వివరాలు ఎందుకు పెంచుతాడు? ఎదుటివాళ్లను నమ్మించడానికా, తనను తాను నమ్మించుకోవడానికా? ధర్మవరం నుంచి అనంతపురం పోయే బస్సులో మెకానిక్ బాలసుబ్రహ్మణ్యం ఇదే ఆలోచిస్తున్నాడు. అతని ఒళ్లో, గుడ్డలో చుట్టిన చక్రం బేరింగు ఉంది.

కారు పట్టుచీరల వ్యాపారి నారాయణప్పది. నలభై ఎనిమిదో సంవత్సరం నాటి ఆస్టిన్. ముప్పై ఏళ్లు దాటిన ఆ బండికి సామాన్లు దొరికేది ఒక్క చోటే, అనంతపురం పాతూరులో బదరీనారాయణ శెట్టి అంగడిలో. అక్కడ ఒక పద్ధతి ఉంది. పాత ముక్క తెచ్చి చూపిస్తేనే దానికి సరిపోయేది వెదికి ఇస్తారు. కాగితం మీద రాసుకొస్తే కుదరదు.

ఆ పద్ధతే బాలసుబ్రహ్మణ్యాన్ని చెడగొట్టింది. రెండు నెలల కింద పెట్రోలు పంపు కోసం మొదటిసారి వెళ్లినప్పుడు అంగట్లో శెట్టి లేడు, ఆయన కూతురు కన్యక ఉంది. పంపును అటూ ఇటూ తిప్పి, "దీన్ని విప్పింది స్పానరుతోనా, సుత్తితోనా?" అంది. అతను జవాబు వెదుక్కునేలోగా స్టూలెక్కి, పై అరలోని డబ్బాలో చెయ్యి పెట్టి, చూడకుండానే సరైన పంపు తీసింది. ఆ రోజు తిరుగు బస్సు ధర్మవరంలో ఆగి మళ్లీ కదిలేదాకా, దిగాల్సిన ఊరు వచ్చిందని అతనికి తెలియలేదు.

అప్పటినుంచి ఒక్కసారే తేగలిగినవాటిని వారానికొకటి తెచ్చాడు. చెడినవి అయిపోయాక, బాగున్నవి తేవడం మొదలుపెట్టాడు. "పాత బండి కదన్నా, ఒకటి సరిచేస్తే ఇంకోటి చెడతాండాది" అని నారాయణప్పకు చెప్పేవాడు. వాటి ఖరీదు తనే పెట్టుకునేవాడు. అబద్ధానికి బాధ కలగకపోవడమే అతనికి వింతగా ఉండేది.

"వచ్చినావా?" అంది కన్యక, అతను అంగట్లో అడుగు పెట్టగానే, తల ఎత్తకుండానే. "నిన్ను చూస్తే శనివారమని తెలిసిపోతాండాది మాకు. ఈ తూరి ఏం చెడింది?"

"బేరింగు. ముందు చక్రానిది."

"పాపం. పోయిన వారం ఫ్యాన్ బెల్టు, దానికి ముందు వాటర్ పంపు. జబ్బు కారుకా, మెకానిక్కుకా?"

"కారుకేనండీ. అరిగిపోయింది."

"ఎంత?"

"చానా."

కొలత చెప్పనందుకు తనను తాను మెచ్చుకున్నాడు. బయట మబ్బు పట్టింది. వీధిలో నలుగురు తలలెత్తి చూశారు, మళ్లీ దించుకున్నారు. ఆ ఊరి మబ్బు మాట ఇస్తుంది గానీ నిలబెట్టుకోదు.

కన్యక బేరింగును వేలికి తగిలించి తిప్పి, చెవి దగ్గర పెట్టుకుంది. తర్వాత గ్రీజు తుడిచింది. ఆమె పెదవి ఒక పక్కకు వంగింది.

"ఈడ ఎర్ర చుక్క ఉండాది, చూసినావా?"

చూశాడు. చెవులు వేడెక్కాయి. వేరే చోట కొన్నది తెచ్చి మార్చమనకుండా, ఆ అంగట్లో అమ్మిన ప్రతి ముక్కకూ రంగు చుక్క పెట్టి ఇస్తారు. శెట్టి పెట్టేది పచ్చ పెయింటు. ఎర్రది కన్యక గోళ్ల రంగు.

"ఇది మూడు వారాల కింద నేనిచ్చిందే. ఇంతలోనే అరిగిందంటే మీ నారాయణప్ప ఢిల్లీ దాకా పోయొచ్చిండాల."

"కుడి చక్రం విప్పబోయి ఎడమది విప్పినట్టున్నా. చూసుకోలేదు."

నిజంగా చూసుకోలేదా? బిగించిన నాడు ఆ చుక్కను వేలితో తడిమి మరీ బిగించాడు. ఏ చక్రంలో ఉందో చేతులకు తెలుసు. నోరు చెప్పలేని మాటను మనసు చేతులతో చెప్పించిందా? పట్టుబడాలని దొంగకు కూడా ఒక మూల కోరిక ఉంటుందా...

"ఏమప్పా, యాడికి పోయినావు?"

"ఈడనే ఉన్నా."

"నిలబడుకోనుండావు, అంతే. ఉన్న మాట చెప్పు. ఇంతవరకు తొమ్మిది తెచ్చినావు. నిజంగా చెడినవి ఎన్ని?"

"నాలుగు."

"మిగతావి ఎందుకు తెచ్చినట్టు?"

"పాతది తేకుంటే మీరు సామాను ఇవ్వరు కదా."

కన్యక నవ్వింది. అంతలోనే నవ్వు ఆపి, గ్రీజు గుడ్డను మడత పెడుతూ అంది. "శుక్రవారం బళ్ళారి వాళ్లు నన్ను చూసేకి వస్తాండారు. ఆ పిల్లోనికి నూనె మిల్లు ఉండాదంట. నాయన సగం ఒప్పుకున్నాడు. ఆ పై శనివారం నువ్వు ఇంజనంతా విప్పుకొచ్చినా, చూసేకి నేను ఈడ ఉంటానో లేదో."

"మీకు ఇష్టమేనా?"

"ఎర్ర చుక్క అందరి సామాన్లకూ పెడతాననుకున్నావా? మిగతా అందరికీ నేను పెట్టేది కూడా పచ్చదే."

అతను గల్లాపెట్టె అంచు పట్టుకున్నాడు.

"మీ నాయనకు నేనంటే పడదు. శెట్ల ఇంట్లో పుట్టి, కదిరిలో సొంత అంగడి వదిలేసి గ్రీజు చేతులు చేసుకున్నాడని నా ముందే అన్నాడు."

"ఆయన అమ్మేది ఏమన్నా మల్లెపూలా? ఆ గ్రీజు చేతులే కదా మాకు కూడు పెడతాండేది. పోయి ఆ మాట అను. పైన పేపరు చదువుకుంటాండాడు. ఇప్పుడే అన్నం తిన్నాడు, కొంచెం మెత్తగా ఉంటాడు."

"ఇప్పుడా? ఏమని అడిగేది?"

"అది కూడా నేనే డబ్బాలో వెదికి ఇయ్యాల్నా?"

అంగడి వెనక మేడమెట్లు. కింద నిలబడి అతను మొదటి వాక్యం తయారు చేసుకున్నాడు. దానికి శెట్టి ఇచ్చే జవాబు, ఆ జవాబుకు తన జవాబు, దానికి ఆయన కోపం. మొదటి వాక్యం మార్చాడు. అదీ నచ్చలేదు. ఇలా సరిచేసుకుంటూ పోతే శుక్రవారం వచ్చేస్తుంది. మాట పూర్తిగా సిద్ధమయ్యాక ఎక్కుదామనుకునే మనిషి ఎన్నటికీ ఎక్కడని అతనికి అర్థమైంది.

పైన పేపరు తిప్పిన చప్పుడు.

"ఎవరప్పా అది, కింద?"

బాలసుబ్రహ్మణ్యం చెప్పులు విడిచి, మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు.