ఉలవ కుప్పలో మనిషి

"నీకు ట్రక్కు నడపడం వచ్చా, అమోఘ్?"

"రాదు సార్."

"పర్లేదు. ఈ ట్రక్కుకు డ్రైవరే లేడు."

సీక్రెట్ సర్వీస్ బెంగళూరు చీఫ్ జగన్నాథ ఎప్పుడూ ఇలాగే మొదలుపెడతాడు. ఎదుటివాడు నవ్వాలో భయపడాలో తేల్చుకునేలోపు అసలు సంగతిలోకి దిగిపోతాడు.

తనంతట తానే నడిచే మిలిటరీ ట్రక్కు. రేపు పెద్ద ఆఫీసర్ల ముందు నంగలి నుంచి బైరకూరుకు ట్రయల్. దానికి పాఠాలు చెప్పింది కేజీఎఫ్‌లోని ఒక సిమ్యులేషన్ ల్యాబ్. వాళ్లు కార్లకు కెమెరాలు, లేజర్ సెన్సార్లు బిగించి కోలారు జిల్లా రోడ్లన్నీ తిప్పారు. ఆ డేటాలోంచి ఆవునూ ఆటోనూ బడిపిల్లల్నూ విడదీసి కంప్యూటర్లో వర్చువల్ బొమ్మలు తయారుచేశారు. ట్రక్కు ఆ ఉత్తుత్తి రోడ్ల మీద లక్షల మైళ్లు తిరిగి, దేనికి ఆగాలో దేన్ని తొక్కుకుంటూ పోవచ్చో నేర్చుకుంది.

"బ్లాక్ లాంతర్ అనే విదేశీ ముఠా ఆ బొమ్మల్లో ఒకదాన్ని చెడగొట్టింది. ట్రయల్లో ఒక్క ప్రాణం పోతే చాలు, ప్రాజెక్టు మూత. కాంట్రాక్టు వాళ్ల దేశానికి. ఆ బొమ్మ ఏదో కనుక్కో."

"ట్రయల్ ఆపేయొచ్చు కదా సార్?"

"ఆధారం లేకుండా ఆపితే నా ఉద్యోగం ఆగుతుంది."

మర్నాడు పొద్దున అమోఘ్ యూపీఎస్ బ్యాటరీలు బాగుచేసే మనిషి వేషంలో కేజీఎఫ్‌లోని చాంపియన్ రీఫ్ చేరాడు. బంగారు మైన్ మూతపడ్డాక పాడుబడిన దొరల బంగళాకు రంగులేసి ల్యాబ్ పెట్టారు. జేబులో ఫైళ్లు కాపీ చేసే పెన్ను. డిపార్ట్‌మెంట్ లక్షలు పోసి చేయించింది, రాయడానికి మాత్రం పనికిరాదు.

తలుపు తీసినామెది తెల్లని సూటు, నల్లకళ్లద్దాలు, ఖరీదైన సెంటు.

"మైన్ మళ్లా తెరిచేది నిజమా మేడమ్?" అన్నాడు. అది కోడ్ వర్డ్.

"తెరిస్తే మా తాత షిఫ్టుకు లేచొస్తాడు."

జవాబు సరిపోయింది. శ్రీరక్ష. ల్యాబ్‌లో డిపార్ట్‌మెంట్ నాటిన మనిషి.

"ట్రయల్ సాయంత్రానికి మారిందప్పా. నిదానంగా చూడు, ఏం తొందర ఉండాది?" అని నవ్వి, ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని కారెక్కింది.

నిదానం అమోఘ్ వల్ల కాలేదు. బొమ్మలు గబగబా తిప్పాడు. ఆవు బాగుంది. ఆటో బాగుంది. ఉలవ కుప్ప. దాని కింద 'తొక్కి పోవచ్చు' అని రాసుంది.

అందులో తప్పేముంది? ఉలవ కోతలైతే ఈ జిల్లాలో ఏ రోడ్డు చూసినా అదే. ఎండిన చెట్లను తారు మీద పరుస్తారు, బస్సులూ లారీలూ తొక్కి గింజలు రాలుస్తాయి. ముళబాగిలులో పుట్టిన అమోఘ్ ఆ బొమ్మను దాటేశాడు కూడా.

మళ్లీ వెనక్కొచ్చాడు. కుప్ప మరీ ఎత్తుగా ఉంది.

రంగులు తీసేసి సెన్సార్ చుక్కలు మాత్రమే ఉంచి తిప్పాడు. ఉలవ చెట్ల మధ్య ఒక వంగిన వీపు. రెండు మోచేతులు. పంగల కర్ర. కుప్పను తిరగేస్తున్న మనిషిని విడదీయకుండా కుప్పలోనే కలిపి ఒకే బొమ్మ చేశారు. చేసినవాళ్ల పేరు: శ్రీరక్ష.

బాంబు అక్కర్లేదు, తుపాకీ అక్కర్లేదు. ఏదో ఒక కుప్ప దగ్గర ఎవరో ఒకరు వంగి ఉంటారు. బ్యాటరీ ట్రక్కు చప్పుడు లేకుండా వాళ్ల మీదుగా పోతుంది.

ఫైలు పెన్నులోకి లాగి, చీఫ్‌కు ఫోన్ చేశాడు.

"సాయంత్రమా? ఎవరు చెప్పారు? ఇంకో గంటలో బయల్దేరుతుంది! అక్కడ అందరి ఫోన్లూ గేటు దగ్గరే పెట్టించుకున్నారు. ఆపే బటన్ ఒక్కటే, శ్రీరక్ష ల్యాప్‌టాప్‌లో!"

బేతమంగల దాటేదాకా అమోఘ్ బైక్ హారన్ మీంచి వేలు తీయలేదు. ప్రతి కుప్ప దగ్గరా ఎవరో ఒకరు. హారన్ వినగానే తలెత్తకుండానే పక్కకు జరుగుతున్నారు.

బైరకూరు పొలిమేరలో షామియానా. అందులో ఆఫీసర్లు, టీవీ కెమెరాలు, తెల్లని సూటు. షామియానాకు కాస్త ఇవతల రోడ్డు మీద ఉలవ కుప్ప. అందులో నడుము వంచి ఒక ముసలామె. నంగలి వైపు మలుపులో ట్రక్కు కనిపించింది.

"అమ్మా! ఇవతలికి రా! బండి వస్తా ఉండాది!"

"రానీప్పా! దాని కోసరమే కాసుకోనుండేది," అంది ముసలామె పంగల కర్ర ఆపకుండా. "హారన్ కొడితే జరుగుతాను."

"దానికి హారన్ కొట్టే మనిషే లేడమ్మా!"

"హారన్ కొట్టని డ్రైవరు యాడుంటాడు?"

లాగేద్దామని కుప్పలోకి కాలు పెట్టబోయి ఆగిపోయాడు. లోపలికి పోతే తనూ కుప్పే. చుట్టూ తిరిగి పరిగెత్తి, ట్రక్కుకు ఎదురుగా, ఉత్త తారు మీద, చేతులు చాచి నిటారుగా నిలబడ్డాడు.

అప్పుడు తట్టింది. మనిషి బొమ్మను తను చూడనేలేదు. దాన్ని కూడా శ్రీరక్ష మార్చి ఉంటే? పారిపోవాలనిపించింది, వెనక పంగల కర్ర చప్పుడు వినిపిస్తోంది. కళ్లు మూసుకున్నాడు.

ఏదో చొక్కా గుండీకి మెత్తగా తగిలి ఆగింది. ట్రక్కు బంపర్.

కారు వైపు జారుకుంటున్న శ్రీరక్షను అమోఘ్ కేక విని సెంట్రీలు పట్టుకున్నారు. అమోఘ్ ల్యాప్‌టాప్ లాక్కుని ట్రక్కును ఆఫ్ చేశాడు.

"మనిషి బొమ్మను ఎందుకు వదిలేసినావు?"

"దాన్ని ముట్టుకుంటే టెస్టులో దొరికిపోతాను," అంది ఆమె కళ్లద్దాలు సర్దుకుంటూ. "ఉలవ కుప్పను ఎవురు చూస్తారప్పా? మన ఊరోళ్లు అసలే చూడరు. నువ్వూ ఫస్ట్ చూడలేదు కదా?"

అమోఘ్ ల్యాప్‌టాప్ మూసి చంకన పెట్టుకున్నాడు.

ఈలోగా ముసలామె నడుం మీద చెయ్యేసుకుని వచ్చింది. పేరు మునివెంకటమ్మ. ప్రాణం దక్కిన సంగతి చెప్పినా ఆమె కోపం తగ్గలేదు.

"అంత బరువు బండి వస్తే అడ్డం నిలుచుకుంటివే! ఇంగ నా ఉలవలు ఎవురు తొక్కేది, నువ్వా?"

ఆఫీసర్లు ముఖాలు చూసుకున్నారు. మునివెంకటమ్మను షామియానాలో కుర్చీ వేసి కూర్చోబెట్టారు. ఒక ఇంజనీరు శ్రీరక్ష ల్యాప్‌టాప్ తీసుకుని, ఆమె చాలనేదాకా ఆ ట్రక్కును కుప్ప మీద ముందుకీ వెనక్కీ నడిపాడు.

రిపోర్టులో జగన్నాథ ట్రయల్ వాయిదా అని రాశాడు. బండి బ్రహ్మాండంగా ఉందని సర్టిఫికెట్ ఇచ్చింది మునివెంకటమ్మ ఒక్కతే.